ముప్ఫై ఎనిమిది షాపులకి ఒకటే కోడ్

మార్చి 3, సోమవారం

ఏమే వదినా, ఎలా ఉన్నావు? ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. రోజూ రాద్దామనే కూర్చుంటాను. ఎవరో ఒకరు మన అలారాల షాపు కౌంటర్ దగ్గరికొచ్చి సెన్సార్ బ్యాటరీలున్నాయా అంటారు, అంతే, ఆ పూట గడిచిపోతుంది.

రాస్తున్నాను అంటున్నానే గానీ ఇది నీకు పంపేది కాదు. నా ఫోన్లో నేను రాసుకునేది. నీకు మెసేజ్ పెడితే రెండు రోజులకి ఒక బొటనవేలి బొమ్మ వస్తోంది. కొత్త ఉద్యోగం, తీరిక ఉండదు, నాకు తెలియదా. పదకొండేళ్ళు మధ్యాహ్నం ఒకటింటికి నీ ఎదురుగా కూర్చుని వాగడం అలవాటైన నోరు ఇది. ఎవరితో వాగను? మా ఆయన స్కూలు బస్సు నడిపి వచ్చేసరికి పిల్లల గోలతో చెవులు నిండిపోయి ఉంటాయి, నా గోలకి చోటుండదు. అందుకే లంచ్ బాక్సు విప్పి, నీ స్టూలు ఎదురుగా లాక్కుని, ఇందులో టైపు చేసుకుంటున్నాను.

నువ్వెళ్ళి నాలుగు నెలలు. నిచ్చెన పట్టుకుని నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయన్నావు. వెళ్ళు అన్నాను నేనే. పెద్ద కంపెనీ, ఏసీ గది, నీ పేరుతో కార్డు. మన స్కూల్లో లెక్కల టీచరు చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేది.

సరే, ఈరోజు నవ్వాల్సిన సంగతి. గిఫ్టు షాపులో పదకొండున్నరకి సైరన్ మోగింది. షాపు నిండా జనం. వెనక గోదాములో పగలు కూడా అలారం ఆన్‌లోనే ఉంచుతాం కదా, అక్కడ ఏదో కదిలిందని. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. దొంగా లేడు, పిల్లీ లేదు. గ్యాసు బుడగల గుత్తి ఒకటి తాడు ఊడి, ఫ్యాను గాలికి సెన్సార్ ముందు తిరుగుతోంది. షాపాయన నా వంక చూసి, "అమ్మా, నీ మెషీను బుడగలకి కూడా భయపడుతుందా?" అన్నాడు. "మీ బుడగలు అంత పెద్దవండీ మరి" అన్నాను. గుత్తిని మూలకి కట్టించి, ఫ్యాను కట్టేయమని చెప్పి వచ్చాను.

నువ్వుంటే బుడగ ఒకటి అడిగి తెచ్చుకునేదానివి.

మార్చి 6, గురువారం

బట్టల షాపు. ప్రెసిడెంటు గారిది. మార్కెట్ సంఘానికి ప్రెసిడెంటు అయ్యాక ఆయనకి కోపం కూడా పదవితో పాటే వచ్చింది, నీకు తెలుసుగా. పన్నెండుంబావుకి సైరన్. ఒకావిడ చొక్కా కొలత చూస్తూ ఆ చొక్కాతోనే వీధి చివరిదాకా పరిగెత్తింది. తర్వాత తెచ్చి ఇచ్చిందనుకో, కానీ ఇచ్చేదాకా ఆయన మొహం చూడాలి.

"ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకమ్మా?" అన్నారు.

నిచ్చెన వేసుకుని చూశాను. సెన్సార్ మూల ఒక సాలెపురుగు ఉంది. సాలెపురుగు అద్దం మీద నడిస్తే సెన్సార్‌కి అది ఏనుగులా కనిపిస్తుందని మనం ఎంతమందికి చెప్పామో. అదే చెప్పాను. తుడిచాను. గుడ్డ తీసి ఆయనకి చూపించాను కూడా.

చాలా చిన్న సాలెపురుగు. అయినా సాలెపురుగే.

మార్చి 8, శనివారం

ఈరోజు ఎక్కడా మోగలేదు. గాలి తక్కువగా ఉందేమో.

మార్చి 11, మంగళవారం

కళ్ళజోళ్ళ షాపులో మోగింది. బుడగల్లేవు, పురుగుల్లేవు, ఫ్యాను లేదు, కర్టెన్ కదల్లేదు. గంటసేపు వెతికాను. నిచ్చెన కింద పట్టుకునే మనిషి లేదు కాబట్టి ఆయనే పట్టుకున్నాడు, పైకి చూసినప్పుడల్లా నిచ్చెన వదిలేస్తాడు. చివరికి అద్దాలని తేల్చాను. ఎదురింటి కిటికీ మీద పడ్డ ఎండ అద్దాల మీద కొట్టి, అక్కడినుంచి గోదాము సెన్సార్ మీద కొట్టి ఉంటుంది. సెన్సార్ ఇటు తిప్పి బిగించాను.

ఉదయం నుంచీ మబ్బు పట్టే ఉంది. కానీ మధ్యలో ఒక ఐదు నిమిషాలు ఎండ వచ్చి ఉండొచ్చు.

దిగుతుంటే ఆయన అన్నాడు, "గిఫ్టు షాపువాళ్ళు మార్చేసుకుంటున్నారటండీ. ఏదో కొత్త కంపెనీ. పాత మెషీన్లు తీసేసి కొత్తవి వాళ్ళే బిగిస్తారట. ఒకావిడ వచ్చి కార్డిచ్చి వెళ్ళింది, నాకూ ఇచ్చింది."

కార్డు చూద్దును కదా, నీ పేరు. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, చేత్తో తడిమితే తెలుస్తోంది. నాకు ఎంత గర్వమేసిందంటే, "మా వదినేనండీ, బంగారం లాంటి మనిషి, పని కూడా అలాగే ఉంటుంది" అని నేనే చెప్పాను. చెప్పాక ఇంటికొచ్చేదారిలో ఆలోచించాను. నా కస్టమర్‌ని నేనే పంపిస్తున్నానా? పంపితే మాత్రం ఏమైంది, ఇంట్లో మనిషి దగ్గరికేగా.

ఈ వీధిలోకి వచ్చి నా షాపుకి రాకుండా వెళ్ళావు. తీరిక లేదేమో.

మార్చి 13, గురువారం

ఈరోజు నువ్వే ఫోన్ చేశావు. ఎంత హాయిగా ఉందో. మాటలన్నీ రాసిపెట్టుకుంటున్నాను, మళ్ళీ ఎప్పుడు చేస్తావో.

"ఏమే ఆడపడుచూ, బతికే ఉన్నావా?"

"నువ్వు చెప్పాలి మేనేజరమ్మా. మా వీధికొచ్చి మా గుమ్మం తొక్కకుండా పోయావట."

"కార్లో డైరెక్టర్ కూర్చుని ఉన్నాడే. నీ దగ్గరికొస్తే నువ్వు వదులుతావా, రెండు టీలు తాగించి మూడోది తెప్పిస్తావు."

"అది నిజమే."

"సైరన్లు ఊరికే మోగుతున్నాయటగా. ఏయే షాపులే?"

చెప్పాను. బుడగలు, సాలెపురుగు, ఎండ. నువ్వు పడీ పడీ నవ్వావు. తర్వాత, "ఆ అలారం ప్యానెళ్ళకి వయసైపోయిందే" అన్నావు.

"ఎనిమిదేళ్ళకేనా?"

"మనుషులకి కాదు, మెషీన్లకి. మిగతావాళ్ళు ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

"మందుల షాపు అక్క ఒకతే సణుగుతోంది. నీ పని తర్వాత చూస్తానంటోంది. మిగతావాళ్ళు బాగానే ఉన్నారు."

"పాపం" అన్నావు. "తిన్నావా?" అన్నావు. అలా అడిగేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు.

మార్చి 17, సోమవారం

అక్షరాలు తప్పు పడుతున్నాయి.

మందుల షాపులో మోగింది. పదకొండూ యాభై రెండుకి. ఆ టైముకి క్యూలో తొమ్మిదిమంది ఉన్నారట. సైరన్ మోగగానే వెనకవాళ్ళు ముందుకీ ముందువాళ్ళు వెనక్కీ తోసుకున్నారు. మాస్టారు, రిటైరయిన సైన్సు మాస్టారు, బీపీ మాత్రలకి వస్తారే, ఆయన మెట్టు మీదనుంచి పడిపోయారు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తున్నారు. "ఏం కాలేదమ్మా, రాసే చెయ్యి, అంతే" అన్నారు.

ఆయన్ని ఆటోలో పంపాక మందులక్క నన్ను లోపలికి పిలిచింది. ఆవిడ అందరిలాంటిది కాదు, మందుల గడువు తేదీలు చదివీ చదివీ ప్రతి చిన్న అక్షరం చదివే మనిషి. మనం పెట్టిచ్చిన యాప్‌లో లాగ్ అని ఒకటుంటుంది, ఎప్పుడేం జరిగిందో వరసగా రాసి ఉంటుంది, దాన్ని ఇన్నేళ్ళలో ఏ షాపువాళ్ళూ తెరిచి చూడలేదు. ఆవిడ తెరిచింది. నా మొహం ముందు పెట్టింది.

11:52. సైరన్ టెస్ట్. ఇన్‌స్టాలర్.

"కదలిక అని లేదు. తలుపు అని లేదు. టెస్ట్ అని ఉంది" అంది. "ఎవరో కావాలని నొక్కారు. ఇన్‌స్టాలర్ అంటే ఎవరు?"

"మెషీను బిగించినవాళ్ళు. అంటే నేనే అక్కా."

"మరి ఎందుకు నొక్కావు?"

"నేను నొక్కలేదు. ఆ టైముకి నా షాపులో వైరు చుట్ట విప్పుతున్నాను."

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. నాతో ఎవరుంటారు?

ఆవిడ కోపంగా అనలేదు, అదే నాకు భరించలేకుండా ఉంది. "రిపేరు పని తగ్గిందా అమ్మా? అడిగితే పోయేదిగా" అంది.

మార్చి 17, మళ్ళీ

తక్కిన మూడు షాపుల లాగ్‌లు కూడా చూశాను. ముందు చూడాల్సింది. బుడగ సెన్సార్ ముందు తిరిగిన మాట నిజం, కానీ లాగ్‌లో కదలిక లేదు. అన్నిట్లోనూ టెస్ట్. అన్నిట్లోనూ ఇన్‌స్టాలర్.

ఒక్కో షాపుకి ఒక్కో ఇన్‌స్టాలర్ కోడ్ పెట్టి, పని పూర్తయ్యాక దాన్ని కవర్లో పెట్టి ఓనర్‌కిచ్చి రావాలి. పద్ధతి అది. మొదటి మూడు షాపులకి అలాగే చేశాం. ఒకసారి కవరు పోగొట్టుకున్న షాపులో ప్యానెల్ మొత్తం ఊడదీసి మళ్ళీ బిగించాల్సి వచ్చింది, రోజంతా పట్టింది. ఆరోజు నిచ్చెన దిగుతూ, "అన్నిటికీ ఒకటే పెట్టేద్దామే, మన ఇద్దరికే తెలిసేది" అన్నాను. నేనే అన్నాను. మొదటి మూడు షాపులవి కూడా అదే కోడ్‌కి మార్చేశాం. ఆ కోడ్‌తో ఫోన్లోంచి కూడా ఏ షాపు ప్యానెల్‌నైనా తెరవొచ్చు. ముప్ఫై ఎనిమిది షాపులకి ఒకటే తాళంచెవి.

నా ఫోన్ సంచిలో ఉన్నప్పుడు నొక్కుకుపోతోందేమో. సంచిలో స్క్రూలుంటాయి, తగిలి ఉంటాయి. అదే అయి ఉంటుంది.

మార్చి 18, మంగళవారం

ఉదయం ఫోన్ కట్టేసి సామాన్ల డ్రాయరులో పెట్టి తాళం వేశాను. సాయంత్రం తీద్దామని.

పన్నెండూ పదికి చెప్పుల షాపులో మోగింది.

మార్చి 18, ఇంటి దగ్గర

మా ఆయనకి చెప్పాను. సాక్సు విప్పుకుంటూ విన్నాడు. అంతా విని, "ఆదివారం మార్కెట్ మూసి ఉంటుంది సరే. శనివారాలు ఎందుకు మోగడం లేదు?" అన్నాడు.

"గాలి..."

"శనివారం మీ వదినకి సెలవు."

కంచం అక్కడ పెట్టి లేచాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నా స్నేహితురాలు, మా అన్నయ్య భార్య, నువ్వు ఎలా అంటావు ఆ మాట అన్నాను. ఆయన నా కంచం మీద మూత పెట్టి, "నీకు తెలియక అడుగుతున్నావా, తెలిసి అరుస్తున్నావా?" అన్నాడు.

మార్చి 19, బుధవారం

ప్రెసిడెంటు గారు కబురు పంపారు. ఆదివారం పదింటికి సంఘం మీటింగు. నేను వచ్చి సమాధానం చెప్పాలట. చెప్పలేకపోతే వీధి మొత్తం కలిసి కొత్త కంపెనీకి మారిపోతారట. ఎనిమిది షాపులు ఇప్పటికే మారాయి. మిగతా ముప్ఫై కూడా పోతే నాకు మిగిలేది బ్యాటరీలు, ఒక నిచ్చెన, వీధిలో అందరి చూపులూ. మాస్టారి చెయ్యి నేనే విరగ్గొట్టానని చెప్పుల షాపులో అంటున్నారట.

నీకు ఫోన్ చేశాను. ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. నీతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, స్కూల్లో నీ పెన్సిలు పోగొట్టినప్పుడు తప్ప.

"ఎలా ఉందే వ్యవహారం?" అన్నావు.

"ఏం చెప్పను. ఒక్క బేకరీ పిన్నే ధైర్యం చెప్తోంది. మా షాపులో ఏనాడూ మోగలేదు, మీటింగులో నీ తరఫున మాట్లాడతానంటోంది. ఆవిడ మాట అందరూ వింటారు."

"అవునా" అన్నావు. "మంచిదే."

బేకరీ పిన్ని అలాంటి మాటేదీ అనలేదు. నేను కల్పించాను.

మోగకూడదు. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, రేపు బేకరీలో మోగకపోతే ఈ ఫైలు మొత్తం చెరిపేసి, స్వీట్లు పట్టుకుని మీ ఆఫీసుకొస్తాను.

మార్చి 20, గురువారం

పది గంటలకే బేకరీకి వెళ్ళాను. సైరన్ వైరు పీకేశాను, జనం బెదరకూడదని. కమాండ్ వస్తే ప్యానెల్ మీద ఎర్ర దీపం మాత్రం మూడుసార్లు మెరుస్తుంది. నా ఫోన్ కట్టేసి, పిన్ని గల్లాపెట్టె పక్కన, అందరికీ కనపడేలా పెట్టాను. "చేతులు కూడా బయటే పెట్టుకుంటా పిన్నీ, చూస్తూ ఉండు" అన్నాను.

"అరెస్టు చేసినట్టు కూర్చున్నావేంటే" అంది పిన్ని.

రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని దీపం వంక చూస్తూ కూర్చున్నాను. పదకొండు. పదకొండున్నర. రొట్టెలు బయటికొచ్చాయి, వేడి మొహానికి కొట్టింది. పన్నెండు దాటింది. మా ఆయన్ని తిట్టుకున్నాను, నీకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను, స్వీట్ల షాపు ఎన్నింటికి మూస్తారో ఆలోచించాను.

పన్నెండూ పద్నాలుగుకి దీపం మెరిసింది. మూడుసార్లు. చప్పుడేమీ లేదు.

"ఏమైందే, ఏడుస్తున్నావా?"

"పంచదార పొడి కళ్ళల్లో పడింది పిన్నీ."

"ఇవాళ పంచదార పనే పెట్టలేదు" అంది.

మార్చి 21, శుక్రవారం

సాయంత్రం అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. నువ్వు ఆఫీసునుంచి రాలేదు. అన్నయ్య ఇస్త్రీ చేస్తున్నాడు, నీ ఆఫీసు చొక్కాలే. చెప్పాను. విన్నాడు. ఇస్త్రీపెట్టె నిలబెట్టలేదు, ఆపలేదు.

"దానికి నెలకి ఇన్ని షాపులని టార్గెట్ ఉంది" అన్నాడు.

"అన్నయ్యా, నేను అడిగింది అది కాదు."

"మోత మోగితే ఎవరికేం పోయింది? దొంగలేమీ రాలేదుగా."

"నీకు ముందే తెలుసా?"

కాలర్ తిప్పి అటువైపు కూడా చేశాడు. "నువ్వెలాగోలా బతికేస్తావులే అనుకున్నాను. నీకు నోరుంది."

మార్చి 22, శనివారం

నువ్వే వచ్చావు. సెలవు కదా. నీ స్టూలు మీద నువ్వే కూర్చున్నావు. ఇప్పుడు ఇది ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు, చేతికి అలవాటై రాస్తున్నాను.

"బేకరీలో కూర్చున్నావట" అన్నావు.

"మాస్టారికి చెయ్యి విరిగింది."

"తెలుసు. అది అనుకోలేదే. పిల్లల మీద ఒట్టు, అది అనుకోలేదు."

"మిగతావి అనుకున్నావు."

స్టూలు ముందుకి లాక్కున్నావు. "ఎక్కడినుంచి తేవాలి నేను షాపుల్ని? నాకు తెలిసినవి ఇవే. వీటిని తెచ్చింది కూడా నేనే. ప్రెసిడెంటు ఇంటి చుట్టూ ఆర్నెల్లు తిరిగింది ఎవరు?"

"మనం."

"మనమా? బోర్డు మీద ఎవరి పేరుందే? ఎవరొచ్చినా ఏమని చెప్పేదానివి? 'మా వదిన, సాయానికొస్తుంది.' పదకొండేళ్ళు సాయానికొచ్చాను. నువ్వు పైన, నేను కింద. పైకి చూసీ చూసీ నా మెడ పట్టేసేది. కార్డు మీద నా పేరు కూడా వేయించవే అంటే ఏమన్నావు?"

మన మధ్య కార్డేంటే అన్నాను. నవ్వాను కూడా. గుర్తుంది. గుర్తులేనట్టు ఇంతకాలం ఉన్నాను.

"కోపముంటే నామీద అరవాల్సింది" అన్నాను.

"నీమీద అరిస్తే నువ్వు టీ తెప్పిస్తావు."

నాకు నవ్వొచ్చింది. నీకూ వచ్చింది. ఒక్క క్షణం ఇద్దరం నవ్వాం.

వెళ్ళేముందు అసలు మాట చెప్పావు. రేపు మీటింగులో ప్యానెళ్ళు పాతబడ్డాయని ఒక్క మాట అంటే చాలు, ఎవరిమీదా నింద ఉండదు. అందరూ మీ దగ్గరికొస్తారు. ఆర్నెల్లు ఆగి నన్ను తీసుకుంటావు. టెక్నీషియన్‌గా, నీ కింద.

"అనకపోతే?"

"లాగ్‌లో ఉన్నది ఇన్‌స్టాలర్ అని. నా పేరు కాదు" అన్నావు. చాలా మెల్లగా అన్నావు, సంచి భుజానికి తగిలించుకుంటూ. "మీ అన్నయ్య గురించి కూడా ఆలోచించు."

మార్చి 23, ఆదివారం

మీటింగు బట్టల షాపులోనే పెట్టారు, గుడ్డ తానుల మధ్య కుర్చీలేసి. ముప్ఫైమందీ వచ్చారు, మారిపోయినవాళ్ళలో కళ్ళజోళ్ళాయన కూడా వచ్చాడు. మాస్టారు చెయ్యి మెడకి కట్టుకుని వచ్చి వెనక కూర్చున్నారు.

ఏం చెప్పాలో ఇంట్లో పదిసార్లు అనుకున్నాను. లేచాక అవేవీ రాలేదు.

"మీ అందరి షాపులకీ ఒకటే ఇన్‌స్టాలర్ కోడ్ పెట్టాను" అన్నాను. "అలా పెట్టకూడదని తెలిసీ, నా పని తేలికవుతుందని పెట్టాను. ఆ కోడ్ తెలిసినవాళ్ళు ఎక్కడ కూర్చునైనా మీ షాపులో సైరన్ మోగించొచ్చు. మోగకుండా కూడా చేయొచ్చు. ఎనిమిదేళ్ళుగా మీ తలుపులు అలా ఉన్నాయి. ఆ తప్పు నాది."

మోగకుండా చేయొచ్చు అన్న మాట దగ్గర నగల షాపాయన మొహం పాలిపోయింది.

బేకరీ పిన్ని లేచి, గురువారం జరిగింది చెప్పింది. చేతులు బల్ల మీద, ఫోన్ గల్లా పక్కన, దీపం మూడుసార్లు. "ఈ పిల్ల నొక్కలేదు, నేను సాక్ష్యం" అంది.

"మరి ఆ కోడ్ ఇంకెవరికి తెలుసు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

అప్పుడు నాకు అన్నయ్య ఇస్త్రీ చేస్తున్న చొక్కాలే కనిపించాయి. తెలియదని అనొచ్చు. ఎవరో దొంగిలించారని అనొచ్చు. వెనకనుంచి మాస్టారు కట్టు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మా వదినకి" అన్నాను. "ఇంకెవరికీ తెలియదు."

కళ్ళజోళ్ళాయన మెల్లగా, "బంగారం లాంటి మనిషని నువ్వేగా చెప్పావు" అన్నాడు. తప్పు పట్టి కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు. ప్రెసిడెంటు గారు మాత్రం, "మీ ఇంటి గొడవలు మా షాపుల్లోకి ఎందుకు తెచ్చావమ్మా?" అన్నారు.

మందులక్క లేచింది. "నా షాపుకి ఈమే చేస్తుంది. కానీ కోడ్ నేను పెట్టుకుంటా. పెట్టేటప్పుడు ఈమె గోడ వైపు తిరిగి నిలబడాలి" అంది. ఇరవై ఒక్కరు చేతులెత్తారు. తొమ్మిదిమంది ఆలోచిస్తామన్నారు.

మార్చి 26, బుధవారం

ఏడు షాపులు పూర్తి. ఇన్‌స్టాలర్ తీసేయడం, ఓనర్ చేత కొత్తది పెట్టించడం, లాగ్ ఎలా చదవాలో చూపించడం. గోడ వైపు తిరిగి నిలబడుతుంటే గోడలు ఎంత మురికిగా ఉన్నాయో తెలుస్తోంది.

మార్చి 28, శుక్రవారం

మాస్టారింటికి వెళ్ళాను. ఎడంచేత్తో అక్షరాలు దిద్దుకుంటున్నారు, ఒకటో తరగతి పిల్లాడిలా. తిడతారనుకున్నాను. "సైరన్ మోగితే ఎటు వెళ్ళాలో మాకు ఎవరైనా చెప్పారా?" అన్నారు. "మోత పెట్టడం నేర్పారు, మోగాక ఏం చెయ్యాలో నేర్పలేదు." నిజమే కదా. మోగితే ఎవరు తలుపు దగ్గర నిలబడాలి, జనాన్ని ఎటు పంపాలి, ఒక్కో షాపుకి కాగితం మీద రాసిస్తున్నాను. మాస్టారు చూసి దిద్దుతానన్నారు, ఎడంచేత్తోనే.

మార్చి 30, ఆదివారం

అన్నయ్య ఫోన్. నిన్ను ఇంట్లో కూర్చోమన్నారట, కార్డులు వెనక్కి తీసుకున్నారట.

"నీ షాపులు నీకు మిగిలాయిగా, సంతోషమా?" అన్నాడు.

"అన్నయ్యా, తను నన్ను..."

"ఆడపడుచువి అనుకున్నాం. కోర్టులో వాదిలా నిలబడ్డావు." పెట్టేశాడు.

నాకు నోరుందన్నాడుగా. ఒక్క మాట రాలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇరవై ఒకటీ అయిపోయాయి. ఆలోచిస్తామన్నవాళ్ళలో నలుగురు నిన్న వచ్చి వాళ్ళవి కూడా మార్చమన్నారు. కళ్ళజోళ్ళాయన వచ్చి ఏమీ కొనకుండా కాసేపు కూర్చుని వెళ్ళాడు.

చివరికి నా షాపు మిగిలింది. అందరివీ మార్చి నాది మర్చిపోయాను. మర్చిపోలేదు, వాయిదా వేశాను. తలుపు లాక్‌లో ఇద్దరమే ఉన్నాం. యూజర్ ఒకటి నేను. యూజర్ రెండు నీ కుడి చూపుడు వేలు. ఐదు నెలలుగా నువ్వు ఎప్పుడైనా వచ్చి వేలు పెడితే ఈ తలుపు తెరుచుకునేది. నువ్వు రాలేదు, ఒక్క శనివారం తప్ప, అప్పుడు తలుపు తెరిచే ఉంది.

తీసేయమన్నాను. యూజర్ రెండుని తీసేయాలా అని అడిగింది. అవును నొక్కాను. తప్పకుండానా అని మళ్ళీ అడిగింది. మెషీన్లు నయం వదినా, రెండుసార్లు అడుగుతాయి.

నొక్కాను.

బోర్డు మీద నీ పేరు ఉండాల్సింది. అది నేను చేసిన పని. సైరన్లు నువ్వు చేసిన పని. రెండూ కలిపి చూస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయేమోనని వారం రోజులుగా చూస్తున్నాను, కొట్టేసుకోవడం లేదు. నీమీద కోపం పోలేదు. ఒకటింటికి ఆకలీ పోలేదు.

నీ వేలికి ఈ తలుపు ఇక తెరుచుకోదు. వస్తే గట్టిగా కొట్టాలి, లోపల డ్రిల్లు మోతలో ఉంటే వినపడదు, రెండోసారి కూడా కొట్టు. నేనే వచ్చి తీస్తాను. టీ తెప్పించను. కూర్చుని, ఎంతసేపైనా సరే, ముందు నువ్వు అరిచెయ్యి, తర్వాత నేను అరుస్తాను.

చెప్పవే, ఎప్పుడు కలుద్దాం?